ఒక్కటే అత్తయ్య

అత్తయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదురుపడిన మనిషికల్లా ఓ జపాన్ వీడియో గేమును మొదటినుంచీ పరిచయం చెయ్యాలి. "నువ్వు తెలుసుకోవాల్సింది ఒక్కటే" అంటూ మొదలుపెడుతుంది. ఆ ఒక్కటి చెప్పడం పూర్తయ్యేలోపు వినేవాళ్ళ కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇంట్లో పొయ్యి మీద పెట్టి వచ్చింది మాడిపోతుంది, ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతుంది. అందుకే వీధి వీధంతా కలిసి ఆవిడకు ‘ఒక్కటే అత్తయ్య’ అని పేరు ఖాయం చేసింది.

వృత్తికి ఆవిడ దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం, పెద్దవాళ్ళ ప్యాంట్ల పొడవు తగ్గించడం ఆవిడ పని. ఆ పని ఈ జబ్బుకు భలే కలిసొచ్చింది. ఒంటినిండా గుండుసూదులు గుచ్చి స్టూలు మీద నిలబెట్టిన మనిషి ఎక్కడికని పారిపోతాడు? ఓసారి పోస్ట్‌మాన్ అలాగే దొరికిపోయాడు.

"పాపం, కథానాయకుడి ఊరు తగలబడిపోయింది" అంది అత్తయ్య, పళ్ళ మధ్య సూదులు బిగించి.

"అయ్యో, ఎవరు తగలబెట్టారండీ?" అన్నాడాయన తెలియక.

అడగడమే ఆయన చేసిన తప్పు. పొద్దెక్కి వచ్చినవాడు పొద్దు వాలాక ఇంటికి వెళ్ళి చూసుకుంటే ప్యాంటుకు ఒక కాలు పొట్టి, ఇంకో కాలు పొడుగు. మర్నాడు వచ్చి లబోదిబోమంటే, "కథ ఊరు దాటకుండానే దిగిపోయారు. రెండో కాలు ఎప్పుడు కుట్టమంటారు?" అని ఎదురు చీవాట్లు పెట్టింది.

ఆ ఆట ఆవిడకు అంటుకున్నది కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు. కాలక్షేపానికని ఎవరో చేతిలో పట్టేంత పాత గేము యంత్రం ఒకటి ఇచ్చి వెళ్ళారు. కాలు అతుక్కుంది, ఆట వదల్లేదు. వదిలేంత చిన్న ఆట కాదది. అందులో సముద్రాలున్నాయి, ఎగిరే ఓడలున్నాయి. చేపలు పట్టాలి, కూర వండాలి, కోళ్ళు పెంచాలి, అలిగిన స్నేహితుణ్ణి బతిమాలి దారికి తెచ్చుకోవాలి. మధ్యలో తీరిక దొరికితే లోకాన్ని కాపాడాలి. పైగా దానికి బోలెడు భాగాలు. ఏది ముందు ఆడాలని ఎవరైనా అడిగితే, "మూడోది మొదట ఆడు. మొదటిది ఆఖర్న ఆడు. రెండోది ఒకటుందని మర్చిపో" అనేది.

ఈ పరిచయానికి లొంగని మనిషి ఒక్కడే, ఆవిడ తమ్ముడు. లిఫ్టు మెకానిక్. ఎంత లోతు గొయ్యిలోనైనా తాడు పట్టుకుని వేలాడే ధైర్యం ఆయనది. అక్క "నువ్వు తెలుసుకోవాల్సింది" అనగానే మాత్రం చెప్పులు వేసుకునేవాడు. "మా అక్కను ఆ గేము కీచురాయి ఆవహించింది" అని అందరితో చెప్పేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, అంటే అత్తయ్యకు మేనకోడలు. తల్లి చిన్నప్పుడే పోయింది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదియ్యడం ఆ అమ్మాయి ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే చూపు. జరగబోయే అనర్థాలన్నీ ఆ చూపుకు ముందుగానే కనిపించేవి. తండ్రికి తుమ్మొస్తే జ్వరం, జ్వరమొస్తే న్యుమోనియా కనిపించేది. అలాంటి అమ్మాయితో డాక్టర్లు, మీ నాన్న గుండెలో వాల్వు చెడింది, ఛాతీ తెరిచి మార్చాలి అన్నారు. ఇక చెప్పేదేముంది? అన్నం సయించలేదు. కన్ను మూతపడలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే తండ్రిని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్ళారు. బయటి హాల్లో గోడ పొడుగునా బిగించిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాని అంచున కూర్చుంది మేనకోడలు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా దిగ్గున లేచేది. తడిగుడ్డ పట్టుకుని ఎవరో తుడిచేవాళ్ళు బయటికొస్తే కూర్చునేది. అలా లేస్తూ కూర్చుంటూ ఉండగా అత్తయ్య వచ్చింది. మెడలో టేపు, భుజాన గుడ్డసంచి, జుట్టులో ఇంకా ఓ దారప్పోగు.

"ఏమైనా చెప్పారా?"

"మధ్యాహ్నానికల్లా అయిపోతుందన్నారు. అయిపోతుంది కదత్తయ్యా?"

అత్తయ్య తలుపు వంక చూసింది. సంచిలో చెయ్యి పెట్టింది. మేనకోడలి గుండె ఇంకో మెట్టు జారింది.

"వద్దత్తయ్యా. నీకు దణ్ణం పెడతా. ఇవాళ వద్దు."

"నువ్వు తెలుసుకోవాల్సింది ఒక్కటే…"

"అత్తయ్యా!"

"చేతులు వణుకుతున్నాయి చూడు. ఇది గట్టిగా పట్టుకో. రెండు చేతులతో పట్టుకుంటే వణకవు."

పట్టుకుంటే నిజంగానే వణుకు కాస్త తగ్గింది. అదే పొరపాటైంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది మేనకోడలు, కళ్ళు తలుపు మీదే ఉంచి.

"ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ వెళ్ళు. పెట్టెలన్నీ తెరువు. దొరికింది దొరికినట్టు సంచిలో వేసుకో."

"అడక్కుండానా? దొంగతనం కదూ?"

"రేపు లోకాన్ని కాపాడబోయేదానివి, ఆ మాత్రం పుచ్చుకోవచ్చు. ఇదిగో, ఈ మందు సీసా ఉంది చూశావా? చచ్చినా వాడకు."

"మరెందుకు?"

"ముందుముందు అవసరమొస్తుంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ రాదు. కానీ వస్తే ఎలాగని దాచుకోవాలి."

ఈ ఒక్క ముక్కా మేనకోడలికి బాగా నచ్చింది. ఆమె బతుకుతున్న పద్ధతి కూడా అదే కదా.

ఊరి పొలిమేర దాటగానే ఓ నీలం కప్ప అడ్డొచ్చింది.

"కొట్టు! ఆగాగు, కొట్టకు. ముందు దాని తత్త్వం తెలియాలి. అది నీళ్ళ కప్ప, దానికి నిప్పు అంటదు. మెరుపు కావాలి. మెరుపు నేర్చుకోవాలంటే గురువు కావాలి. గురువు దగ్గరికి వెళ్ళాలంటే పడవ కావాలి. పడవ కావాలంటే జాలరి కూతురి పెళ్ళి…"

జాలరి కూతురి పెళ్ళి కుదిరేదాకా కప్ప ఆగలేదు. నాలుక చాపి ఒక్కటి పీకింది. కథానాయకుడు వెల్లకిలా పడ్డాడు. తెర నల్లబడింది. మేనకోడలు కెవ్వుమంది. హాలంతా ఇటు తిరిగింది. కాపలావాడు విసవిసా నడిచొచ్చాడు.

"అమ్మా, ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు."

"నిజమే నాయనా. నువ్వు తెలుసుకోవాల్సింది ఒక్కటే…"

కాసేపటికి కాపలావాడు పక్క కుర్చీలో కూర్చుని, "అయితే ఊరు తగలబెట్టినవాడు సొంత అన్నేనంటారా?" అని గుసగుసలాడుతున్నాడు.

మధ్యాహ్నమైంది. మధ్యాహ్నం దాటింది. తలుపు తెరుచుకుంది. డాక్టరు వేరే వాళ్ళను పిలిచి ఏదో చెప్పాడు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని బయటికి నడిచారు. మేనకోడలు పరుగున కౌంటరు దగ్గరికెళ్ళింది.

"ఇంకా లోపలే ఉన్నారండీ. డాక్టరుగారే వచ్చి చెప్తారు" అంది అక్కడి అమ్మాయి తల ఎత్తకుండా.

తిరిగొచ్చి కూర్చుంది. అత్తయ్య పరిచయానికి మాత్రం వేగం పెరిగింది. మాటకూ మాటకూ సందు లేదు. కత్తితో చేపలు పట్టమంటోంది. గాలంతో రాక్షసుణ్ణి కొట్టమంటోంది. వైద్యం చేసే అమ్మాయి పేరు ఓడకు పెడుతోంది. "తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఆ ఒక్కటీ తెలిస్తే ఇంక భయమే…"

"చాలు!" మేనకోడలు యంత్రాన్ని అత్తయ్య ఒళ్ళో పడేసింది. "లోపల మా నాన్న ప్రాణం మీదికొస్తే నీకీ కప్పల గోలేంటి? నీ తమ్ముడు కాదా ఆయన?"

కాపలావాడు మెల్లగా లేచి తన చోటికి వెళ్ళిపోయాడు. అత్తయ్య యంత్రాన్ని సంచిలో పెట్టి నోరు మూసుకుంది.

కోరుకున్న నిశ్శబ్దం దొరికింది కదా అనుకుంది మేనకోడలు. కానీ అత్తయ్య నోరు మెదపకుండా ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అది తలుపు కంటే, కౌంటరు కంటే భయపెట్టింది. ఓరగా చూసింది. అత్తయ్య మెడలోని టేపు తీసి కుర్చీ చెయ్యి కొలుస్తోంది. కొలిచి, మళ్ళీ మొదటినుంచి కొలుస్తోంది.

మేనకోడలు కాసేపు ఓర్చుకుంది. ఆపైన ఆమె వల్ల కాలేదు.

"అత్తయ్యా… ఆ కప్పకు మెరుపు లేకపోతే ఇంకేమీ పనిచెయ్యదా?"

అత్తయ్య గొంతు సవరించుకుంది. "ఉప్పు. రెండో ఇంటి వంటగదిలో ఉంది. నువ్వే హడావిడిపడి పెట్టె తెరవకుండా వచ్చేశావు."

"మరి చెప్పవేం?"

"చెప్పనిస్తేగా!"

ఇద్దరూ యంత్రం మీదికి వంగి ఉప్పు వెతుకుతుండగా డాక్టరు వచ్చాడు. వాళ్ళెక్కడ కంగారుపడతారోనని ముందే చెయ్యెత్తి, "బాగా జరిగింది" అన్నాడు. "మొదలుపెట్టడమే ఆలస్యమైంది, అంతే. గొంతులో పెట్టిన గొట్టం రేపు తీస్తాం. అప్పటిదాకా మాట్లాడలేరు."

మేనకోడలు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. అత్తయ్య కూడా ఏదో అనబోయి, ఆయన చొక్కా చేతిమడత సరిచేసి వదిలేసింది.

మర్నాడు పొద్దున నర్సు గబగబా బయటికొచ్చింది.

"ఇక్కడ ‘ఒక్కటే’ అంటే ఎవరండీ? గొట్టం తియ్యగానే మీ పేషెంటు ‘ఒక్కటేని పిలవండి, వంతెన ఏమైందో చెప్పమనండి’ అంటున్నారు. మత్తు తలకెక్కిందేమోనని మా డాక్టరుగారు హడలిపోతున్నారు."

అత్తయ్య పైట సర్దుకుని గోడ వంక చూసింది. నర్సు ఆవిడను పోల్చుకుంది.

"మీరేనా అమ్మా? మొన్న సాయంత్రం మెట్ల మీద కథ చెప్పింది మీరే కదూ?" అని మేనకోడలి వైపు తిరిగింది. "మీకు తెలియదా? సూదులు, కోతలు నావల్ల కాదు, సంతకం పెట్టను అని మీ నాన్న సొంత చొక్కా తొడుక్కుని బయల్దేరారు. ఈవిడ వెనకే వెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టారు. ఏదో ఊరు తగలబడటం దగ్గర మొదలెట్టి, వంతెన తెగడం దగ్గర ఆపేశారు. మిగతాది ఆపరేషన్ అయ్యాక చెప్తానన్నారు. ఆయన తిట్టుకుంటూ లేచొచ్చి సంతకం పెట్టారు."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు దుకాణంలో సెలవు అడగడానికి వెళ్ళావు. వచ్చాక చెప్పొచ్చు, కానీ కప్పకే కెవ్వుమనే దానివి, అది విని తట్టుకుంటావా?"

లోపల తండ్రి ముఖం పాలిపోయి ఉంది. గొంతు గరగరలాడుతోంది. కూతురి చెయ్యి పట్టుకున్నాడు గానీ చూపు అక్క మీదే.

"అక్కా, వంతెన తెగింది కదా. ఆ వైద్యం చేసే పిల్ల బతికిందా, లేదా?"

"నాకేం తెలుసురా?"

"అదేంటి?"

"నేనూ అక్కడిదాకే ఆడాను."

"ఇన్నేళ్ళనుంచీ ఆడుతూనా!"

"పాత యంత్రంరా తమ్ముడూ. దీంట్లో ఒక్కళ్ళ ఆటే నిలుస్తుంది. ఇంకొకళ్ళని మొదటినుంచి కూర్చోబెట్టాలంటే నాది చెరిపెయ్యాలి. నేను తంటాలుపడి వంతెన దాకా వెళ్తానా, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు దిగులు ముఖం వేసుకుని దుకాణంలోకి వస్తారు. వాళ్ళని అలా పంపించెయ్యమంటావా?"

మేనకోడలికి పోస్ట్‌మాన్ గుర్తొచ్చాడు. ఆయన తల్లి మంచం పట్టిన రోజులవి. కుట్టుపని పోయిన పక్కింటి పిన్ని, పరీక్ష తప్పిన రొట్టెల దుకాణం వాళ్ళ పిల్ల… అత్తయ్య సూదులు గుచ్చి నిలబెట్టిన వాళ్ళందరి ముఖాలూ వరసగా కళ్ళముందుకొచ్చాయి. నిన్న పొద్దున తనకోసం చెరిపేసింది కూడా వంతెన దాకా వచ్చిన ఆటేనేమో!

తండ్రికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. "అబ్బా" అంటూనే నవ్వాడు. నర్సు ఇద్దర్నీ బయటికి పంపేసింది.

ఆయన ఇంటికొచ్చి కాస్త తిరుగుతున్నాక మేనకోడలు కొత్త గేము యంత్రం కొని అత్తయ్య చేతిలో పెట్టింది. "ఇది నీకు. నీ ఒక్కదానికే. ఎవరికీ ఇవ్వకు, ఏదీ చెరపకు. ఈసారి వంతెన దాటాల్సిందే" అని ఒట్టు కూడా వేయించుకుంది.

మర్నాడు సాయంత్రం మేనకోడలు అత్తయ్య కుట్టు దుకాణంలోకి అడుగుపెట్టేసరికి ఆస్పత్రి నర్సు స్టూలు మీద నిలబడి ఉంది. నడుము చుట్టూ గుండుసూదులు. చేతిలో కొత్త యంత్రం.

"అత్తయ్యా! ఒట్టేశావు!"

"ఉష్! అరవకు. ఆ అమ్మాయిని వేరే వార్డుకు మార్చారట, దిగులుగా ఉంది. అయినా నా ఆట నా దగ్గరే ఉందిగా." అత్తయ్య కుట్టుమిషను పక్కనుంచి పాత యంత్రం తీసి చూపించింది. "నీ ఆటే. కప్ప దగ్గర్నుంచి ఇంతదూరం లాక్కొచ్చాను."

తెర మీద పొగమంచు. మంచులో వేలాడుతూ తాళ్ళ వంతెన.

"మరి దాటలేదేం?"

అత్తయ్య గొంతు తగ్గించింది. "నిన్నంతా దీని ముందే ఒక్కదాన్నే కూర్చున్నానే. బొటనవేలు కదిలితే ఒట్టు. పక్కన ఎవరో ఒకరు మొదలుపెడుతుంటే గానీ నాకు ముందుకెళ్ళే ధైర్యం రాదు."

మేనకోడలు మడతపెట్టిన యూనిఫారాల దొంతర పక్కకు జరిపి, అత్తయ్యను ఆనుకుని కూర్చుంది. నర్సు స్టూలు మీద, "అమ్మా, ఎదురుగా కప్ప ఒకటొచ్చింది" అని భయంభయంగా అంది. అత్తయ్య కళ్ళు మూసుకుని బొటనవేలు నొక్కింది.

వంతెన తెగింది. ఈసారి ఆట అక్కడ ఆగలేదు. ఆ తర్వాత జరిగింది చూసి ఇద్దరూ ఒకేసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమైంది? ఏమైందండీ? ఆ పిల్ల బతికిందా?" నర్సు సూదుల మధ్య గిలగిల్లాడింది.

అత్తయ్య, మేనకోడలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"నువ్వే ఆడి తెలుసుకో" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.