కాచి వడపోసి పంపిన మడుగు నీళ్లు

"చిట్టెమ్మక్కా, నా రిపోర్టులో నీ పేరు కూడా రాశాను."

"అయ్యో, ఎందుకు రాసినవ్ మేడం? పోలీసోళ్లు వస్తరా ఏంది?"

"పోలీసులు రారు. నవ్వుకునేవాళ్లు వస్తారు."

అంతే, దమ్మపేట బస్సు కదిలిపోయింది. కిటికీలోంచి వసంత మేడం చెయ్యి ఊపింది, నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. మా ఇద్దరి మధ్య చివరి మాటలవే. ఆ తర్వాత మేం కలవలేదు.

నవ్వుకునేవాళ్లు ఇన్నాళ్లూ రాలేదు కాబట్టి నేనే మీ దగ్గరికి వస్తున్నాను. ఒక చదువుకున్న పిల్ల ఏడాది కష్టాన్ని, ఒక ఊరి బోరింగుని, ఈ రెండు చేతులతో, శుభ్రంగా, పద్ధతిగా, ఎంతో ప్రేమగా ఎలా నాశనం చేయబోయానో చెబుతాను. నాకు రాత అంతంతమాత్రం. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను. అందుకని మా చెల్లెలి కూతురు పద్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. తప్పులుంటే అవి నావి. దస్తూరీ బాగుంటే అది ఆమెది.

ఎనభైల నాటి మాట. మా ఊరు దమ్మపేట నుంచి అడవివైపు పోతే వస్తుంది. అప్పట్లో మాకు రెండే నీళ్లు. ఒకటి ఊరి బావి. రెండోది తుంగమడుగు. ఎండాకాలం బావి అడుగంటి, ఉన్న నీళ్లు ఊరికి చాలవు. అప్పుడు ఊరంతా మడుగుకే పోవాలి. ఆ మడుగు ఎలాంటిదంటే, చుట్టూ తుంగ, వట్టివేరు, నడుములోతు బురద, మధ్యలో పచ్చగా, చిక్కగా, పప్పుచారులాంటి నీళ్లు. అందులో మా బర్రెలు జమీందార్లలా పడుకునేవి. వాటి పక్కనే మేం బిందెలు ముంచుకునేవాళ్లం.

ఏటా వానలు మొదలవగానే ఊళ్లో వాంతులు, విరేచనాలు. మా ఆయన పోయింది వాటితోనే. ఎడ్లబండి మీద దవాఖానాకు తీసుకుపోతుంటే సగం దారిలోనే అయిపోయింది. అది అమ్మవారి కోపమన్నారు కొందరు, గాలి అన్నారు కొందరు. నీళ్లు అని ఒక్కరూ అనలేదు.

ఆ మాట అన్నది వసంత మేడం. మధిర పిల్ల. పట్నంలో పెద్ద చదువు చదువుతూ, అడవి ఊళ్లలో నీళ్లకూ రోగాలకూ సంబంధమేంటో తేల్చడానికి వచ్చింది. మనిషి చూస్తే తుంగపుల్ల. గట్టిగా తుమ్మితే ఒరిగిపోతుందేమో అనిపించేది. కానీ ఆ పుల్ల మోకాళ్లదాకా రబ్బరు బూట్లేసుకుని మడుగులో దిగిందంటే బర్రెలు లేచి దారి ఇచ్చేవి! బూట్లు దాటి కాళ్లకి జలగలు పట్టుకుంటే కేకలు వేయకుండా, ఉప్పు రాసి పీకి, అవి ఏ రకమో పుస్తకంలో రాసుకునేది. మగవాళ్లు జలగను చూసి గట్టెక్కడం చూశాను గానీ, జలగకు లెక్కలు రాసే ఆడపిల్లను చూడటం అదే మొదలు.

ఊరి పెద్ద ఎర్రయ్య తాత ఆమెను అడిగాడు. "గీ నీళ్లన్నీ పట్నం మోసుకపోయి ఏం జేస్తవ్ బిడ్డా? మీకాడ నీళ్లు లేవా?"

"పరీక్ష చేయిస్తాను తాతా. ఈ నీళ్లు చెడ్డవని కాగితం మీద రుజువైతే మీ ఊరికి బోరింగు వేస్తామని నీళ్ల ఇంజినీరు గారు ఒప్పుకున్నారు."

"చెడ్డయని రుజువు గావాలా? ఒక్క గుక్క తాగుమను నీ ఇంజినీరును. ఆయనే రుజువైతడు."

మొదటి నెల మేడమే స్వయంగా నీళ్లు పట్టుకుంది. తర్వాత ఆమెకు ఇంకా చాలా ఊళ్లు తిరగాల్సి వచ్చి, ఊరంతటిలో నన్ను ఎంచుకుంది. ఎందుకంటే నేను శుభ్రమైన మనిషినట! ఆ మాటే కొంప ముంచింది.

"అక్కా, ప్రతి శనివారం పొద్దున రెండు సీసాలు నింపి బస్సు రోడ్డు దగ్గరికి తీసుకురా. ఎర్ర దారం కట్టినది మడుగుకి, తెల్ల దారం కట్టినది బావికి. సీసా కడగొద్దు. మూత తియ్యి, నింపు, మూత పెట్టు. అంతకన్నా ఏమీ శ్రమపడొద్దు."

చూశారా, ఎంత మర్యాదైన పిల్లో! మీరే చెప్పండి. మన ఇంటికి చుట్టం వచ్చి "వద్దండీ, ఏమీ చేయొద్దు, శ్రమపడొద్దు" అంటే చేయకుండా ఊరుకుంటామా? వద్దు అన్నారంటే రెండు గరిటెలు ఎక్కువ వడ్డించమని అర్థం. మా వైపు అంతే. ఒక్కసారి వద్దంటే వినేవాళ్లని పిసినారి అంటారు.

పైగా నీళ్ల పరీక్ష అంటే నా మొద్దు బుర్రకు తోచింది ఒకటే. పట్నంలో పెద్ద డాక్టర్లు బంతిలో కూర్చున్నట్టు వరసగా కూర్చుంటారు. తలా ఒక గుక్క తాగుతారు. నాలుక చప్పరించి, బాగుంది, బాగాలేదు అని చెబుతారు. అలాంటివాళ్లకు బర్రె పడుకున్న నీళ్లు పంపనా? మా ఊరి పరువేం కాను?

ఇక మొదలుపెట్టాను. ఎర్ర దారం సీసా మూత తీస్తే అడుగున ఏవో నాలుగు చుక్కలున్నాయి. పాపం, సరిగ్గా ఆరబెట్టలేదనుకుని వాకిట్లో ఒంపేశాను. ముగ్గు మీద పడి బుసబుసమని నురగ పొంగింది. ఇంటికున్న దిష్టి పోయిందని దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత చింతపండు, బూడిద వేసి సీసాను తళతళలాడేలా తోమాను. మడుగు నీళ్లు తెచ్చి పాత చీర నాలుగు మడతలేసి వడపోశాను. చిల్లగింజ అరగదీసి కలిపి, బురదంతా అడుగుకు దిగేదాకా ఉంచాను. పైన తేరిన నీళ్లు మరగకాచి, చల్లార్చి, పురిటాలికిచ్చేంత జాగ్రత్తగా సీసాలో పోశాను. బావి నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి కదా, వాటికి ఒట్టి వడపోతతో సరిపెట్టాను.

వారం కాదు, రెండు వారాలు కాదు. వానలు పోయి, చలి పోయి, ఎండలొచ్చేదాకా చేశాను. ఎండలు ముదిరాక పెద్దవాళ్లు దాహంతో ఉంటారని మడుగు సీసాలో రెండు వట్టివేళ్లు కూడా నానబెట్టి తీశాను.

ఒకరోజు జీపులో నీళ్ల ఇంజినీరు వచ్చాడు. పక్కన వసంత మేడం. ఆమె ముఖం పండక్కి దీపం పెట్టినట్టుంది. ఊరంతా రచ్చ దగ్గర పోగైంది, బోరింగు ఎక్కడ వేస్తారో చూద్దామని. ఇంజినీరు కాగితం తీశాడు.

"ఈ ఊరికి బోరింగు అక్కర్లేదమ్మా. బావి నీళ్లు బాగాలేవు గానీ మీ మడుగు నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. బావి మూసేసి అవే తాగండి."

ఊరు ఊరంతా నోరు తెరిచింది. ఎర్రయ్య తాత కర్ర మీద ఆనుకుని ముందుకొచ్చాడు.

"సారూ, గా మడుగుల పండి లేసిన బర్రెను మేం మల్ల బావికాడ కడుగుతం. గసుంటిది, మడుగు నీళ్లు తాగాల్నా?"

మేడం ఉత్సాహంగా అందుకుంది. "నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు తాతా! మొదటి నెల చాలా చెడ్డగా ఉన్నాయి. తుంగ, వట్టివేరు ఏపుగా పెరిగాక నీళ్లు వాటంతటవే శుభ్రమవుతున్నాయి. చిత్తడి నేలలకు ఆ గుణం ఉంది. కానీ ఇంతలా శుభ్రం చేసింది ఎక్కడా లేదు! మొన్నటి సీసా తెరిస్తే వట్టివేళ్ల వాసన కూడా వచ్చింది!"

ఇంత పొగడ్త మడుగుకి పోతుంటే నేను ఊరుకోగలనా? జనాన్ని తోసుకుని ముందుకు ఉరికాను.

"గది నేనే ఏసిన మేడం!"

"ఏం వేశావు అక్కా?"

"వట్టేళ్లు. ఎండలు గదా, పెద్దోళ్లు తాగేటియి, సల్లగుంటయని."

"ఎవరు తాగేవి?"

"పట్నంల డాక్టర్లు. పరీచ్చ జేసేటోళ్లు."

మేడం ముఖంలో దీపం రెపరెపలాడింది. గొంతు తగ్గించి అడిగింది. "వట్టివేళ్లేనా, ఇంకేమైనా చేశావా?"

"ఒట్టిగనే ఎట్ల పంపుత మేడం! వడపోసిన, చిల్లగింజ ఏసిన, కాసిన, సల్లార్చిన. సీసల పాసినీళ్లుంటే పారబోసి బూడిదేసి తోమిన."

"ఆ చుక్కలు మందు అక్కా. నీళ్లు దారిలో చెడిపోకుండా వేసిన మందు."

"అవ్ మేడం, మంచి మందే. ముగ్గు మీద ఎంత పొంగిందో!"

ఇంజినీరు నవ్వాడు. నవ్వి నవ్వి జీపు బానెట్టు మీద పడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకుని కాగితం మడిచేశాడు. "సారీ అమ్మాయ్. ఇన్ని నెలల శాంపిళ్లు చెల్లవు. మొదటి నెలవి మాత్రమే చాలవు. రుజువు లేనప్పుడు బోరింగు ఇంకో ఊరికి రాస్తాను. ఈమెను నమ్ముకున్నావు చూడు, అదీ నీ తప్పు."

ఊరంతా నా వైపు తిరిగింది. ఇంకొక వానాకాలం మళ్లీ ఆ నీళ్లే తాగాలి. మళ్లీ ఎవరింట్లోనో బండి కట్టాలి. అంతా నా చింతపండు వల్ల.

ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె ఇంజినీరు ముందుకు పోయి నిలబడింది.

"తప్పు నాదే సార్. కడగొద్దని చెప్పాను. ఎందుకు కడగొద్దో చెప్పలేదు. ఈమె నేను చెప్పినదానికన్నా ఎక్కువ శ్రద్ధగా చేసింది. నాకు పదిహేను రోజులు ఇవ్వండి. మళ్లీ మొదటినుంచి చేస్తాను."

అంత పెద్దమనిషి ముందు, అంత జనంలో, తుంగపుల్లలాంటి ఆ పిల్ల నా తప్పు తన నెత్తిన వేసుకుంది. నేను బతుకులో చాలా మందిని చూశాను. తప్పు చేసి పక్కవాడి మీద రుద్దేవాళ్లే ఎక్కువ.

"పదిహేను రోజులే," అని ఇంజినీరు జీపెక్కాడు.

మర్నాడు మేడం నా అరుగు మీద ఒక యంత్రం పెట్టింది. పట్నం నుంచి బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. కంటితో చూసే గొట్టం, దాని కింద గాజు పలక. పలక మీద మడుగు నీటిచుక్క వేసి చూడమంది. చూశాను. ఆ చుక్కలో ఒక సంతే ఉంది! కొన్ని ఉరుకుతున్నాయి, కొన్ని పొర్లుతున్నాయి, ఒకటి ఇంకొకదాన్ని మింగుతోంది.

"ఇవి పైకి కనిపించేవే అక్కా. మనిషిని చంపేవి వీటికన్నా చిన్నవి, ఇందులో కూడా కనబడవు."

తర్వాత నేను కాచిన నీళ్ల చుక్క వేసింది. పలక ఖాళీ. ఊడ్చిన వాకిలిలా ఉంది.

"నువ్వు చేసింది తప్పు పనేమీ కాదు అక్కా. నా సీసాకి చేయకూడదు, అంతే. మరి మీ ఇంట్లో తాగే నీళ్లు ఇలాగే చేస్తావా?"

"మేమేమన్న చుట్టాలమా మేడం?" అన్నాను.

అనేశాక ఆ మాట నాకే గుచ్చుకుంది. కూలికి పోయేదాన్ని, మాకు కాచుకునే తీరికెక్కడిది? చుట్టాలొస్తేనే కాచేదాన్ని. పదేళ్లు కాపురం చేసిన మనిషికి మాత్రం మడుగు నీళ్లే ముంచి ఇచ్చాను. మేడం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "ఇవాళ్టి నుంచి నీకు నువ్వే చుట్టం అనుకో," అంది.

ఆ పదిహేను రోజులూ మేడం మా ఊళ్లోనే ఉంది. నీళ్లు రెండు రకాలుగా పట్టాం. ఉన్నవి ఉన్నట్టు ఒక వరస, నా పద్ధతిలో ఒక వరస. నేను చిల్లగింజ ఎన్నిసార్లు అరగదీస్తానో, చీర ఎన్ని మడతలు వేస్తానో, నీళ్లు ఎంతసేపు మరగనిస్తానో, అన్నీ జలగలకు రాసినంత శ్రద్ధగా రాసుకుంది. ఉన్నది ఉన్నట్టు పట్టిన సీసాల కాగితం వచ్చాక ఇంజినీరు బోరింగు మా ఊరికే రాశాడు. బావి చెడ్డదని, మడుగు అంతకన్నా చెడ్డదని తేలింది. వానలకు ముందే రచ్చ పక్కన బోరింగు దిగింది.

బోరింగు మొదటి నీళ్లు పరీక్షకు పంపాలి. మేడం ఊరందరి ముందు సీసా నా చేతికే ఇచ్చింది. "మళ్లా ఈమెకా?" అని ఇంజినీరు గుండె పట్టుకున్నాడు. నేను సీసాను తుడవలేదు, ఊదలేదు, కనీసం కన్నెత్తి చూడలేదు. మూత తీశాను, నింపాను, మూత పెట్టాను. నా చేతులు ఎంత దురద పెట్టాయో ఆ దేవుడికే తెలుసు.

వారానికి ఫలితం వచ్చింది. నీళ్లు స్వచ్ఛం. మచ్చుకి కూడా దోషం లేదు.

ఇంజినీరు జీపేసుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. "నిజం చెప్పు చిట్టెమ్మా, కాచినవా?"

"నా ఒట్టు సారూ, కాయలే."

"వడపోసినవా?"

"లేదు సారూ."

నమ్మలేదు. తనే నీళ్లు పట్టి పంపాడు. అవీ స్వచ్ఛమే. అయినా నమ్మలేదు. మా ఇంట్లో పొయ్యి చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసి, ఇంకొక మనిషిని కాపలా పెట్టి మూడోసారి పట్టించాడు. మూడుసార్లు పరీక్షకు పోయి, మూడుసార్లూ నెగ్గిన నీళ్లు జిల్లా మొత్తంలో మావేనట! ఆ వానాకాలం మా ఊళ్లో ఎవరింటి ముందూ బండి కట్టలేదు.

కాబట్టి చదివేవాళ్లందరి సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి, తలంటు పోసుకున్న ఒంటితో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట శాస్త్రం చదివినవాళ్లు నా చేతికి ఏ పాత్ర ఇచ్చినా, అది ఎంత జిడ్డుగా ఉన్నా, ఎంత కంపు కొట్టినా, లోపల కప్ప కూర్చుని నన్ను చూసి కన్ను కొట్టినా, దానికి నా చింతపండు తగలనివ్వను గాక తగలనివ్వను.

రాసినవానే పద్మా? మొత్తం రాసినవా? ఏదీ, మొదటికాడి నుంచి ఒక్కపారి సదువు, నేను ఇంట.