జిగణి దాటాక ఒక తడి రోడ్డు

బొగ్గు గనిలో ఉద్యోగం వచ్చిన ఓ పాఠకుడు ఈమధ్య నాకు రాశాడు. అక్కడ నీటి గుంటలూ, తవ్విపోసిన మట్టి దిబ్బలూ తనిఖీ చేయడమంటే ఏం చేస్తారు, చేరకముందే చూసి రావడానికి బెంగళూరు దగ్గర ఏదైనా ఉందా అని అడిగాడు. ఇక్కడ బొగ్గు లేదు గానీ రాయి ఉంది. జిగణి దాటి ఆనేకల్ వైపు వెళ్తే వచ్చే క్వారీల్లో పని పద్ధతి దాదాపు అదే. కుందలహళ్ళిలోని ఒక చిన్న కన్సల్టెన్సీలో నా ఉద్యోగమే అది. వానలు ముదరకముందే ఒక క్వారీలో గట్లూ దిబ్బలూ చూసి రమ్మని ఆఫీసు వాళ్లు పోయిన వారం పంపితే, వచ్చాక అంతా రాస్తానని అతనికి మాటిచ్చాను. తీరా రాయబోతే సిగ్గుగా ఉంది. మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

కుందలహళ్ళి నుంచి పొద్దున ఆరున్నరకల్లా బయటపడండి. ఆలస్యమైతే సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది. రోజంతటికీ కారు మాట్లాడుకుంటే మూడు వేల దాకా అవుతుంది. నాకు దొరికిన డ్రైవరు నాగరాజు. వాళ్ల తాతలు ఎప్పుడో అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. బొమ్మసంద్రలో పళ్లెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీ తిని, జిగణి మీదుగా వెళ్లి క్వారీ మట్టి రోడ్డులోకి తిరిగేసరికి తొమ్మిదైంది. నాకు దుమ్ము పడదు. పోయినసారి ఇక్కడికొచ్చి రెండు రోజులు దగ్గాను. అందుకే ముందురోజు మేనేజరుకి ఫోన్ చేసి, వీలైతే రోడ్డు కాస్త తడిపించమన్నాను. పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే రోడ్డు తడపడం క్వారీల్లో మామూలు మర్యాదే. వెళ్లేసరికి ఆ రోడ్డు గేటు దాకా చక్కగా తడిసి ఉంది. అద్దం దించి, "చూశావా నాగరాజూ, ఒక్క మాట చెప్తే పనెలా అవుతుందో!" అన్నాను.

"చెప్పేవాళ్లు చెప్తే అయితాది సార్" అన్నాడతను. నేను దాన్ని పొగడ్త కిందే జమకట్టుకున్నాను.

మేనేజరు గేటు దగ్గర హెల్మెట్, టీ ఇచ్చాడు. ఈ పనికి కొత్తగా వెళ్లేవాళ్లు ముందు గుంట చూడండి, దిబ్బ తర్వాత. క్వారీలోంచి తోడిన నీళ్లూ, దిబ్బల మీంచి జారిన వాన నీళ్లూ కాలువలో వచ్చి ఈ గుంటలో నిలుస్తాయి. రాతి పొడి అడుక్కి దిగాక పైనున్న నీటిని బయటికి వదులుతారు. గట్టు బయటివైపు ఎక్కడైనా చెమ్మ ఉందా, నీటిమట్టం గట్టు అంచుకి మరీ దగ్గరగా వచ్చిందా, బయటికెళ్లే గొట్టం పూడిందా అన్నవి ముఖ్యం. ఇక్కడ గొట్టం సగం పూడిపోయి ఉంది. ఆ సంగతి చెప్పాను. మేనేజరు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ వెనకబడ్డాడు. నేను గట్టు చుట్టూ అవతలి వైపుకి నడిచాను.

అక్కడ ఒక పెద్దావిడ గుంటలో బిందె ముంచుతోంది. నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఏంటమ్మా ఇది! ఈ నీళ్లు ఎవరైనా తీసుకెళ్తారా? రాతి పొడి, మిషన్ల ఆయిలు, అన్నీ ఇందులోనే కలుస్తాయి. బుద్ధి ఉందా?"

ఆమె బిందె పక్కన పెట్టి నిలబడింది. పేరు ఓబులమ్మ. దిబ్బ వెనకాల క్వారీ కూలీల రేకుల షెడ్లలో ఉంటుందట.

"నా కూతురు పురుటికి వచ్చుండాదప్పా. ఈపొద్దు పురుటినీళ్లు పోయల్ల. పసిబిడ్డకు గూడా పోయల్ల గదా. రెండు దినాలకొక టాంకరు వస్తాది మాకు. ఈపొద్దు రావల్సిందే."

"మరి రాలేదా?"

"వచ్చినాది. ఎవురో పెద్దాయప్ప వస్తాండాడంట, దుమ్ము లేయగూడదని దావ మింద పోసేసినారు. ఇంట్లో తాగేకి ఉండాయి. స్నానానికి యాడ తెచ్చేది?"

తల కొట్టేసినట్టయింది. తడి మట్టి అంటిన నా బూట్లు ఆమెకి ఎదురుగానే ఉన్నాయి. ఆ పెద్దాయప్ప నేనేనని చెప్పాలి. చెప్పలేదు. "ఈ నీళ్లు మాత్రం పోయకండి, నేను మాట్లాడతాను" అని గబగబా వెనక్కి వచ్చేశాను.

షెడ్ల వాళ్ల నీళ్లు రోడ్డు మీద ఎందుకు పోయించారని అడిగితే మేనేజరు నన్ను వింతగా చూశాడు. "ఫోన్‌లో మీరే చెప్పినారు కదా సార్, డస్ట్ పడదని? ఉండేదే ఒక్క ట్యాంకర్. రేపు వస్తాది. లేబరు అడ్జస్ట్ చేసుకుంటారు సార్." ఇంకో ట్యాంకరు వచ్చేదాకా దిబ్బ ఎక్కేది లేదని మొండికేశాను. ఆయన నాలుగైదు ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం దాటాక పక్క ఊరి బోరు నుంచి ట్యాంకరు వచ్చింది. ఆ తర్వాతే దిబ్బ ఎక్కి, పైన నెర్రెలు ఉన్నాయా, అడుగున మట్టి ఉబ్బిందా చూశాను. దిబ్బ బాగానే ఉంది.

దిగి కారు దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ కాచుకుని ఉంది. చేతుల్లో పసిగుడ్డు. అప్పుడే నీళ్లు పోసి సాంబ్రాణి పట్టినట్టున్నారు, ఆ వాసన ఇంకా వస్తోంది. చుట్టూ షెడ్ల వాళ్లు ఐదారుగురు నిలబడ్డారు.

"ఈ సారు కొట్లాడి తెప్పించినాడు నీళ్లు" అని వాళ్లకి చెప్పి, బిడ్డను నా ముందుకి చాచింది. "తల మింద చెయ్యి పెట్టి దీవించు సారూ. మాకోసరం ఎవురు అడుగుతారు ఇట్లా?"

పక్కనే మేనేజరు ఉన్నాడు. నా వైపు చూసి కొంచెం నవ్వాడు, మన మాట మన మధ్యే అన్నట్టు. నేను కూడా నవ్వాను. బిడ్డ తల మీద చెయ్యి పెట్టాను. ఇంకా తడిగా ఉంది.

దారిలో నాగరాజు, "పుణ్యం కట్టుకున్నారు సార్" అన్నాడు. ఏసీ పెంచమన్నాను.

వాళ్ల నీళ్లు వాళ్ల దగ్గరినుంచి పోయింది నా మాట వల్ల. తిరిగొచ్చిందీ నా మాట వల్లే. ఓబులమ్మకి రెండోదే తెలుసు. మొదటిది చెప్పడానికి ఆ రోజు నాకు రెండుసార్లు అవకాశం వచ్చింది, రెండుసార్లూ నోరు పెగల్లేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను గానీ మీకు చెప్పడం తేలిక, మీరెవరూ నన్ను దీవించమని బిడ్డను అందించలేదు. ఇలాంటి చోట్లకి వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: ముందురోజు ఫోన్ చేసినప్పుడు దారి అడగండి, గేటు ఎన్నింటికి తీస్తారో అడగండి. దుమ్ము పడకపోతే మాత్రం ఆ మాట వాళ్లతో అనకండి, మందుల షాపులో ఒక మాస్కు కొనుక్కుని వెళ్లండి.