మ్యువాన్ మీద మల్లయ్య మామ విచారణ

సెలవులకు గోదావరిఖని వచ్చిన పాపానికి ఈ రోజు పొద్దుగూకంగ మా క్వార్టర్ అరుగు మీద నా పీహెచ్‌డీకి విచారణ జరిగింది. జడ్జి పక్కింటి మల్లయ్య మామ, గని ఆఫీసుల క్లర్కు.

"నాలుగేండ్ల సంది ఏం చదువుతున్నవ్ రా?" అన్నడు.

మ్యువాన్ అనే కణం ఉంటది, ఎలక్ట్రాన్‌కు బరువైన అన్న లెక్క. అది ఉత్త వెలుగును మాత్రమే బయటికి ఇడిసి ఎలక్ట్రాన్‌గ మారుడు పాత సిద్ధాంతంల కాని పని. సూపర్ సిమ్మెట్రీ అనే కొత్త సిద్ధాంతం మాత్రం ఎప్పుడో ఒకసారి మారొచ్చంటది. ఇదంత ఓపికగ చెప్పిన.

"ఎవలన్న చూసిండ్రా?"

"ఇప్పటిదాంక చూడలే."

"అరే, ఎవలు చూడనిదానికి నాలుగేండ్లా!" అని వాడకట్టంత వినవడేటట్టు నవ్విండు. పదకొండేండ్ల సంది ఆయన ప్రమోషన్ గూడ ఎవలు చూడలే. ఆ మాట నేను అనలే, పెద్దమనిషి గదా.

అప్పటిదాంక బీడీ తాగుకుంట కూసున్న మా బాపు నోరు తెరిచిండు. ఆయన బొగ్గు కోసం బోర్లు వేసే మిషన్ మీద పనిచేస్తడు.

"మాకు గూడ బొగ్గు పడని బోర్లే ఎక్కువ మల్లన్నా. అయినా లేదని రాయం. మూడు వందల మీటర్ల దాంక లేదని రాస్తం. మల్ల వచ్చేటోడు అక్కడికెళ్లి ఇంకా లోతుకు పోతడు."

మామ చాయ్ తాగి ఇంటికి పోయిండు. నేను అక్కడ్నే కూసున్న. ఈ ఒక్క ముక్క నాకు సమజ్ చేసేతందుకు మా గైడ్‌కు రెండేండ్లు పట్టింది. నా థీసిస్ చివరి అధ్యాయంల ఉన్నది గూడ గదే మాట, లేదని కాదు, ఇంతదాంక వెతికితే కనవడలేదని. కాకపోతే నేను నూట నలభై పేజీలు టైపు కొట్టించిన.

జర మీరే చెప్పుండ్రి, పట్టా ఎవలకియ్యాలె?