గోడ కూతురు

లారీల కాంట్రాక్టరు కుర్చీ ఎత్తి మొహం మీద కొట్టినప్పుడు కూడా గోడ కన్ను ఆర్పలేదట. ఈ మాట పేకాట క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పిన ప్రతివాడూ ఆ కుర్చీ బరువు కాస్త పెంచి చెబుతాడు.

జరిగింది ఇది. పోకర్ బల్ల దగ్గర కాంట్రాక్టరు మంచి ముక్కలు పట్టుకుని పందెం పెంచుకుంటూ పోయాడు. ఎదురుగా కూర్చున్నవాడి మొహంలో భయమో ఆశో రవ్వంత కనపడితే ఎక్కడ ఆగాలో తెలిసేది. ఏమీ కనపడలేదు. చివరికి తిప్పి చూస్తే గోడ చేతిలోవి అంతకంటే పెద్దవి. "ఆ మొహం చూస్తే ఒళ్లు మండిపోతోందిరా!" అని అరిచి కాంట్రాక్టరు కుర్చీ లేపాడు. కనుబొమ చిట్లి, బల్ల మీద పరిచిన పచ్చగుడ్డ మీద రక్తం బొట్లుబొట్లుగా పడింది. పక్కవాళ్లు కాంట్రాక్టరును కింద పడేసి మోకాళ్లతో అదిమి, వాడి పళ్లు నేలకు తగిలేదాకా తొక్కారు. గోడ జేబులోంచి రుమాలు తీసి ముందు ముక్కల మీది రక్తం తుడిచాడు, తర్వాత మొహం తుడుచుకున్నాడు. "పంచవమ్మా, ఎవరి వంతు?" అన్నాడు ముక్కలు పంచే అమ్మాయితో, నిమ్మకు నీరెత్తినట్టు.

గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఈ గోడకు చెవులు కూడా కనపడవు. క్లబ్బులో ఏసీ చలికి ఆగలేక ఊలు టోపీ చెవుల మీదికి దించుకుని కూర్చుంటాడు. ఇంటికొచ్చాక దాన్ని తలుపు వెనక మేకుకు తగిలిస్తాడు. ఆ కదలని మొహం చూసే క్లబ్బువాళ్లు గోడ అన్నారు. అసలు పేరు పెట్టినవాళ్లు ఎప్పుడో పోయారు, పిలిచేవాళ్లకు దానితో పనిలేకపోయింది.

ఆ మొహం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు, కొట్టి చేసింది. తండ్రి లారీ మెకానిక్కు. చేతికి ఏది అందితే దానితో కొట్టేవాడు. బెల్టు, స్పానరు, ఒకసారి ఇంకా వేడి చల్లారని సైలెన్సరు గొట్టం. "ఏడిచావంటే ఇంకో రెండు" అన్నది ఆయన ఊతపదం. ఏడవకపోతే మాత్రం కొట్టికొట్టి విసుగొచ్చి మానేసేవాడు. ఆ విసుగు ఎప్పుడొస్తుందో తండ్రి దవడ చూసి పసిగట్టడం పిల్లవాడికి అబ్బింది. తన మొహం దాచుకోవడం, ఎదుటివాడి మొహం చదవడం, రెండూ ఆ షెడ్డులోనే, గ్రీజు వాసనలోనే వచ్చాయి. పెద్దయ్యాక అన్నం పెట్టిన విద్యలు కూడా అవే.

జూదగాడంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనేవాడని లోకం అనుకుంటుంది. అలాంటివాళ్లు ఉండబట్టే గోడ ఇంట్లో పొయ్యి వెలిగేది. అతను మాత్రం చాలా ఆటల్లో మొదట్లోనే ముక్కలు పడేసి, గోళ్లు చూసుకుంటూ కూర్చునేవాడు. ఒంట్లో కోపం రాజుకుంటే అరచేతుల మీద కూర్చునేవాడు. మాటవరసకు కాదు, నిజంగానే చేతులు తొడల కింద పెట్టుకుని. అప్పటికీ దవడ బిగుసుకుంటే లేచి ఇంటికి వెళ్లిపోయేవాడు. "గెలవడం గుడ్డోడికైనా వస్తుంది. మంచి ముక్కలు చేతిలో ఉండగా పడేయడం రావాలి" అనేవాడు. కొత్తవాళ్లు భక్తిగా తలూపి, మర్నాడే నిండా మునిగేవాళ్లు.

అతని భార్య పెద్ద లాండ్రీలో పనిచేసేది. ఒకరోజు అక్కడి బాయిలరు పేలింది. ఆవిరికి ఆమె ఒళ్లు ఉడికిపోయింది, బట్టలు తీస్తుంటే చర్మం వాటితోనే వచ్చింది. అది చూసి గోడ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. టోపీ మేకుకు తగిలించి కుర్చీలో కూలబడ్డాడు. ఒకటో తరగతి చదువుతున్న కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మ వస్తుందా?"

"వస్తుంది తల్లీ."

పిల్ల అతన్ని కాసేపు అలాగే చూసి, వెళ్లి ఆడుకుంది. మర్నాటికి తల్లి పోయింది. ఆ పిల్ల ఆ మాట మళ్లీ ఎప్పుడూ అడగలేదు. తన మొహం ఆ అబద్ధాన్ని మోసిందని, పిల్ల నమ్మిందని గోడకు అంత దుఃఖంలోనూ కాస్త గర్వం కలిగింది. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, కలిగింది.

తన తండ్రి చేతుల్లాంటి చేతులు తనకూ ఉన్నాయని అతనికి భయం. అందుకే కూతురి మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. దెబ్బ లేకుండా పిల్లను పెంచుతున్నానని మురిసిపోయేవాడు పాపం. ఆ పిల్ల సైకిలు మీంచి పడి, మోకాలి చిప్ప తెల్లగా బయటపడేలా తోలు లేచిపోయి, ఏడవబోయి నోరు తెరిస్తే, పక్కన కూర్చుని మెల్లగా "మొహం, మొహం" అనేవాడు. పిల్ల నోరు మూసుకునేది. బెల్టుతో తండ్రి నేర్పిన పాఠాన్నే గోడ ముద్దుగా నేర్పాడు. పాఠం మాత్రం అదే.

ఆ ఇంట్లో అతని దగ్గర ఒక రహస్యం ఉండేది. కూతురు అబద్ధం చెబితే ఎడమకాలి బొటనవేలు పైకి లేస్తుంది. మొహం మీద ఏమీ ఉండదు, కళ్లు నిలకడగా ఉంటాయి, వేలు మాత్రం టక్కున లేస్తుంది. పళ్లు తోముకున్నావా అన్న దగ్గర్నుంచి, జ్వరం తగ్గిందా అన్నదాకా, అతను కాలు చూసి జవాబు తెలుసుకునేవాడు. ఈ సంగతి పిల్లకు చెప్పలేదు. ఎదుటివాడి గుట్టు తెలిశాక దాన్ని వాడికే చెప్పే ఆటగాడు ఎక్కడైనా ఉంటాడా?

ఆ పిల్ల బాక్సింగుకు వెళ్లడం కూడా మొహం వల్లే జరిగింది. బడిలో ఒక పెద్దపిల్ల జుట్టు పట్టి లాగితే, ఈ పిల్ల తిరిగి ఒక్కటి ఇచ్చింది. ముక్కు పగిలి ఇద్దరి చొక్కాలూ తడిశాయి. హెడ్‌మిస్ట్రెస్ భయపడింది ఆ రక్తానికి కాదు. "మీ అమ్మాయి మొహంలో ఏమీ లేదండీ" అంది గోడతో. గోడకు అది మెప్పులాగే వినిపించింది.

వంకరముక్కు కోచ్ అని ఒకావిడ, తానూ ఒకప్పుడు రింగులో ముక్కు పోగొట్టుకున్న మనిషి, పిల్లను చేరదీసింది. "దీన్ని కొట్టినవాళ్లకి తగిలిందో లేదో తెలియక పిచ్చెక్కిపోతోందండీ! దేవుడిచ్చిన వరం" అనేది. దేవుడెందుకు ఇస్తాడు, నేనిచ్చాను అనుకునేవాడు గోడ. ప్రతి పోటీకీ వెళ్లి బక్కెట్టు మోసేవాడు. రింగు మూలలో నీళ్లు అందించడం, ఉమ్మిన రక్తం పట్టడం అతని పని. తువ్వాలు కోచ్ భుజం మీద ఉండేది. మూలలో ఉన్నవాళ్లు ఆ తువ్వాలు రింగులోకి విసిరితే, మా మనిషి ఓడిపోయింది, ఆట ఆపండి అని అర్థం. ఆ తువ్వాలు ఎప్పుడూ కదలలేదు.

పిల్లకు పంతొమ్మిదేళ్లు వచ్చాయి. గెలిస్తే జాతీయ జట్టులో చోటు దక్కే పోటీలో చివరి ఆట వచ్చింది. మూడు రౌండ్లు. ఎదుటి పిల్ల పొట్టిది, ఎద్దులా తల వంచుకుని మీదికొచ్చే రకం. మొదటి రౌండులో గోడ కూతురు దాని కనురెప్ప చీల్చింది. గ్లవ్స్ తగిలినప్పుడల్లా రక్తం తుంపర లేచి ముందు వరసలో వాళ్ల చొక్కాల మీద పడింది. రెండో రౌండులో తాళ్ల దగ్గర ఎదుటి పిల్ల కిందికి దూరి పక్కటెముకల కింద ఒకటి గుద్దింది. తడిబట్ట బండకేసి బాదినట్టు చప్పుడు వచ్చింది. అక్కడే ఇంకొకటి, మళ్లీ అక్కడే. హాలంతా "అబ్బా" అంది. కూతురి మొహం మాత్రం బస్సు కోసం నిలబడ్డ మనిషి మొహంలా ఉంది. తిరిగి రెండు పెద్ద దెబ్బలు కొట్టింది, గంట మోగింది.

"మనదే! పాయింట్లలో చాలా ముందున్నాం. ఇంకొక్క రౌండు దూరంగా ఉండి ఆడు, చాలు" అంది కోచ్, మెడ తుడుస్తూ. రిఫరీ వచ్చి కళ్లలోకి చూసి, బాగానే ఉందని వెళ్లిపోయాడు.

గోడ కూడా మొహమే చూశాడు. నదురూ బెదురూ లేదు. ఒక్క రంగు మాత్రం తేడాగా ఉంది, పెదవుల చుట్టూ సున్నం రాసినట్టు. ఊళ్లోవాళ్ల కడుపులో మాట కళ్లలో చదివేవాడు, ఇంట్లో పిల్ల దగ్గరికి వచ్చేసరికి నిరక్షరాస్యుడై నిలబడ్డాడు. ఆ అక్షరాలు చెరిపింది తనే మరి. బక్కెట్టు వదిలేసి మోకాళ్ల మీద కూర్చుని, ఆమె ఎడమ బూటు మొనను అరచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది ఎన్నో రౌండు?"

"రెండయింది." తోలు కింద వేలు కదలలేదు.

"నొప్పా?"

"లేదు." వేలు లేచి అరచేతికి తగిలింది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది నాన్నా, వదులు!" వేలు మళ్లీ లేచింది, ఈసారి అలాగే ఉండిపోయింది.

మంచి ముక్కలు చేతిలో ఉండగా పడేయడం రావాలని ఊరందరికీ చెప్పినవాడే. కానీ ఇవి తన ముక్కలు కావు. చలికాలం తెల్లవారుజామున ఆ పిల్ల తీసిన పరుగులు, ఉమ్మిన రక్తం, కట్టుకున్న పట్టీలు. వీటిని పడేసే హక్కు తనకెవరిచ్చారు? అడిగితే ఒప్పుకోదు. అడగకపోతే జన్మలో క్షమించదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేముంది? అరచేతుల మీద కూర్చోవడానికి అక్కడ తనకు కుర్చీ లేదు. కోచ్ భుజం మీది తువ్వాలు లాగి రింగు మధ్యకు విసిరాడు.

"ఏం చేస్తున్నారండీ! మతి పోయిందా?" అని కోచ్ అతని చొక్కా పట్టుకుంది. రిఫరీ చేతులు ఊపేశాడు. ఎదుటి పిల్ల ఓడిపోయాననుకుని అప్పటికే ఏడుస్తోంది, ఆ ఏడుపు ఆపకుండానే గంతులేసింది.

కూతురు లేచి నిలబడింది. "ఎవరడిగారు నిన్ను? ఎవరడిగారు?" అంటూ తండ్రి మూతి మీద గుద్దింది. ఆట నేర్చిన చెయ్యి, బలమంతా పెట్టి గుద్దింది. పెదవి చీలింది, ముందు పన్ను ఊడి బక్కెట్లో పడింది, తలమీది ఊలు టోపీ ఎగిరి ఆ నెత్తుటి నీళ్లలోనే పడింది. ఆమె రెండో గుద్దుకు చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా నడుము దగ్గర విరిగినట్టు వంగి, తండ్రి మీద కూలిపోయింది.

పక్కటెముక విరిగి, దాని మొన ప్లీహాన్ని చీల్చిందన్నారు డాక్టర్లు. కడుపు నిండా రక్తమే. ఇంకో దెబ్బ తగిలి ఉంటే కోయడానికి కూడా తీసుకొచ్చే పని ఉండేది కాదని, సర్జన్ చేతులు కడుక్కుంటూ మామూలుగా చెప్పాడు.

బతికిన పిల్ల తండ్రితో మాట్లాడలేదు. అతను మంచం పక్క స్టూలు మీద కుట్లు వేసిన మూతితో కూర్చునేవాడు, ఆమె కిటికీ వైపు తిరిగి ఉండేది. కిటికీ అద్దం మీద ఎండ పడ్డ ఒక మధ్యాహ్నం, అటే చూస్తూ అడిగింది.

"కోచ్‌కి తెలియలేదు. రిఫరీకి తెలియలేదు. నీకెలా తెలిసింది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెబితే ఇక ఆ పిల్ల వేలు కూడా దాచేస్తుంది, జీవితాంతం తనకు ఏదీ తెలియకుండా పోతుంది. అయినా గోడ చెప్పేశాడు. పళ్లు తోముకోని రోజుల దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు.

ఆమె దుప్పటి తొలగించి తన బొటనవేలు చూసుకుంది. నవ్వబోయింది, కుట్లు లాగితే ఆపుకుంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"పెదవి నొప్పిగా ఉందా?"

"లేదు తల్లీ."

"నీ చెవి ఎర్రబడింది."

"ఏంటీ?"

"ఎడమ చెవి. అబద్ధం చెప్తే అంచంతా ఎర్రగా అయిపోతుంది. క్లబ్బులో టోపీ ఉంటుంది కాబట్టి వాళ్లకి తెలీదు. ఇంట్లో తీసేస్తావు కదా."

గోడ చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్లింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"అమ్మ వస్తుందా అని అడిగాను చూడు, ఆ రోజు నుంచి" అంది. "వస్తుందన్నావు. ఎర్రగా అయిపోయింది. అందుకే ఇంక అడగలేదు."

ఒకటో తరగతి పిల్ల ఆ మాట కడుపులో పెట్టుకుని, ఆడుకోవడానికి వెళ్లింది. ఏడవడానికి కూడా వెళ్లలేదు. మొహం, మొహం అని తను నేర్పకముందే ఆ పిల్ల తండ్రి కోసం నేర్చేసుకుంది. గోడ నోరు తెరిచాడు, కుట్లు తెగి గడ్డం మీదికి రక్తం కారింది. కన్ను ఆర్పనివాడని పేరు మోసినవాడు, నర్సులు తిరిగి చూసేలా, వార్డు మధ్యలో వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె "మొహం, మొహం" అనలేదు. చెయ్యి చాచి, అతని చెవి మీద ఉన్న చేతిని పక్కకు తీసింది.

"ఇప్పుడు చెప్పు. నొప్పిగా ఉందా?"

"ఉందమ్మా" అన్నాడు. "చాలా ఉంది."