విండోస్‌కు పరచని గోనెసంచి

కుప్పంలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి. ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే షాహీన్ ఒకసారి నలుగురి ముందు, "నువ్వు పరీక్ష పెడితే నీకు నచ్చిందే పాసవుతాదిలేప్పా" అంది. ఏళ్లు గడిచాయి. ఆమె మరిచిపోయింది. ఇద్దరి తరఫునా నేనే గుర్తుంచుకున్నాను.

ఇంతలో మా బావ రమణప్ప పాడి ఆవులమ్మి, కుప్పంలో కాలేజీ పిల్లల కోసం ఆటల సెంటర్ మొదలుపెట్టాడు. చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ మిషన్లన్నిటికీ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలి. ఆట నత్తినత్తిగా నడిస్తే పిల్లలు మళ్లీ గడప తొక్కరు. బావ అడిగితే షాహీన్ విండోస్ అందట. అంతే, నేను లినక్స్ అన్నాను.

ఒకే రకం మిషన్లు రెండు తెచ్చి, ఏది వేగమో తేల్చడానికి పుంగనూరులో మా రేకుల గదిలో బెంచ్‌మార్క్ పరీక్ష పెట్టాను. ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో లినక్స్, రెండింట్లోనూ ఒకే ఆట. ఎండకు లినక్స్ మిషన్ దోసెపెనంలా కాలింది. జాలేసింది. సంతకు పోయే కొత్తిమీరకు చేసినట్టే, తడిపి పిండిన గోనెసంచి దాని కింద పరిచాను. ఇక చూడండి, ఆట పలుపు తెంచుకున్న కోడెదూడలా ఉరికింది. విండోస్ పక్కనే రొప్పుతూ కూలబడింది.

ఆ విజయాన్ని వీడియో తీసి, కుప్పంలో పిల్లలందరి ముందు పెద్ద టీవీలో వేశాను. షాహీన్‌ను పనిగట్టుకుని పిలిపించాను.

ఆమె కాసేపు చూసి, "కింద ఆ గోనె యాలప్పా?" అంది.

"వేడెక్కతాంటే సల్లగా ఉంటాదని పెట్టినా."

"మరి విండోస్‌కు?"

"అది వేడెక్కితే దాని ఖర్మ."

పిల్లల నవ్వుకు గోడలు బీటలు వారాల్సింది. షాహీన్ మాత్రం నవ్వలేదు. నేను చూస్తూనే ఉన్నాను. గోనె తీయించి, రెండు మిషన్లనూ ఒకే బల్ల మీద, ఒకే ఫ్యాను కింద పెట్టింది. బ్యాటరీ, తెర వెలుతురు, అన్నీ సమానం. కవల పిల్లలకు అన్నం వడ్డించే తల్లి కూడా అంత సరిగా వడ్డించలేదు. మళ్లీ మళ్లీ పరుగెత్తించింది. తన విండోస్ ఓడుతున్నా కన్ను తిప్పలేదు.

చివరకు లినక్స్ వెంట్రుకవాసిలో గెలిచింది.

"మీ బావమరిది సెప్పిందే నిజమన్నా. నేనే తప్పు. లినక్స్ వేపించుకో," అని రమణప్పకు చెప్పి బస్సెక్కింది.

నన్ను ఓడించి ఉంటే హాయిగా పగబట్టేవాణ్ణి. గెలిపించి పోయింది. ఇంత అన్యాయం నాకెవరూ చెయ్యలేదు. అందుకే ఆ సెంటర్ గడప తాకి ఒట్టేశాను: ఈ జన్మలో ఏ మిషన్ మీదా జాలిపడను. తప్పక పడాల్సి వస్తే, రెండు గోనెసంచులు తడుపుతాను.