కంబళ్ల సైకిలు

తిప్పేస్వామి ఆటోలో స్టెప్నీ చక్రం ఉండాల్సిన చోట ఒక పలక ఉండేది. చక్రాన్ని ఇంట్లో పడేసి, ఆ చోట ఇంకో మనిషి పడుతుందని పలక కొట్టించాడు. కూలికి పోయే ఆడవాళ్లలో ఆఖరున ఎక్కినవాళ్లు దాని మీద కూర్చోవాలి. ఊళ్లో కూలి మేస్త్రీ ఆయన ఒక్కడే. చుట్టుపక్కల ఎవరి చేలో వేరుశనగ పీకాలన్నా రైతులు ఆయనకే ఫోన్ చేస్తారు. ఆయన ఎవరిని ఎక్కించుకుంటే వాళ్లకే ఆ రోజు పని.

ఆ రోజు పలక మీద తిమ్మక్క కూర్చుంది. గుంతలో ఆటో ఎగిరితే కాలు జారి నేలకు రాసుకుంది. పాదం పక్కంతా చీరుకుపోయింది. చేను దగ్గర దిగాక, రైతు ఈశ్వరి వింటుండగానే అడిగేసింది.

"ఏం మేస్త్రీ, స్టెప్నీ తీసి మనిషిని పెట్టినావు. రేపు పంచరైతే ఆ మనిషినే సక్రానికి కడతావా?"

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిప్పేస్వామి నవ్వలేదు. మర్నాడు పొద్దున తిమ్మక్క సద్దిమూటతో ఆటో దగ్గరికి వస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా ఆటో నీకు సరిపోదులేమ్మా. ఇమానం తెప్పిచ్చుకో." అని అప్పుడు నవ్వాడు.

ఆమె చోట్లో రంజాన్ బీ ఎక్కి కూర్చుంది. పెళ్లై ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ ఇద్దరూ పక్క పక్క సాళ్లలో పనిచేసినవాళ్లే. రంజాన్ బీ తల తిప్పుకుని, రోడ్డవతల ఏదో ఉన్నట్టు చూసింది. ఆటో లేపిన దుమ్ము తిమ్మక్క మొహాన పడింది.

పంట పీకే పని ఏడాదికొకసారి వచ్చేది. అది పోతే బెంగళూరులో ఇటుకలు మోయడమే. కానీ ఆమెను మండించింది అది కాదు. ఆ నవ్వు. ఇంటికొచ్చి, చేతిలో సద్ది దించకుండానే మేకల కొట్టంలోకి పోయింది.

అక్కడ ఆమె నాయన సైకిలు ఉంది. ఎర్రిస్వామి బతికున్నన్నాళ్లూ దాని మీద కంబళ్లు కట్టుకుని ఊరూరా అమ్మాడు. ఆయన పోయాక తిమ్మక్క దాన్ని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఇప్పుడు దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి. టైర్లు పెచ్చులూడాయి. చైను ఇనుపకడ్డీలా బిగుసుకుపోయింది. సీటు తోలు ఎలుకలు తిన్నాయి. చిన్నప్పుడు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తిమ్మక్క తొక్కడం నేర్చుకుంది దాని మీదే.

రోడ్డు పక్క పంచర్లు వేసే నబీ సాబ్ దగ్గరికి ఈడ్చుకుంటూ తీసుకుపోయింది. ఆయన చుట్టూ తిరిగి చూశాడు.

"పాత ఇనుమోడికి ఏస్తే ఉల్లిగడ్డలన్నా ఇస్తాడు గదమ్మా దీనికి."

"నాకొద్దన్నా ఉల్లిగడ్డలు. ఆ తిప్పేస్వామి కండ్లల్లో నీళ్లు రావల్ల. అట్ల జేసి పెట్టు."

నబీ సాబ్ బీడీ ఆర్పేసి, "అట్లయితే కూసో" అన్నాడు.

చేతిలో దుడ్లు లేవు. పంట పీకేసిన చేలల్లో మట్టిలో మిగిలిపోయిన కాయల్ని ఎవరైనా ఏరుకోవచ్చు. దాన్ని పరిగె అంటారు. పగలంతా వంగి వంగి పరిగె ఏరి, సాయంత్రం ఆ కాయలు తెచ్చి నబీ సాబ్ ముందు పోసేది. ఆయన మూలనున్న కుప్పలోంచి ఒకరోజు పెడలు, ఒకరోజు బ్రేకు, ఇంకోరోజు సగం అరిగిన టైరు తీసిచ్చేవాడు. చాకిరీ మాత్రం ఆమెదే. చైనును డీజిల్లో నానబెట్టి ఒక్కో కీలూ కదిలించింది. ఇటుకపొడి పెట్టి తుప్పు తోమింది. తోమినంతసేపూ తిప్పేస్వామి మొహమే చేతికింద ఉన్నట్టుండేది.

"మెల్లిగమ్మా, తుప్పు ఎప్పుడో పోయింది. ఇంగ అరిగేది కడ్డీనే" అనేవాడు నబీ సాబ్.

సీటుకు నాయన నేసిన కంబళి ముక్క చుట్టి దబ్బనంతో కుట్టింది. ఆఖరున నబీ సాబ్ పాత స్కూటరు ట్యూబును నిలువుగా కోసి, టైరుకూ ట్యూబుకూ మధ్య పరిచాడు.

"కంపముల్లు దిగినా ఈడనే ఆగిపోతాది. బరువైతాది, తొడలు నొస్తాయి మల్ల."

"నొయ్యనీ."

పాత గాలిపంపు ఒకటి, పంచరు ముక్కలు కూడా కారియరుకు కట్టిచ్చాడు.

ఆ సాయంత్రమే ఈశ్వరి దగ్గరికి తొక్కుకుంటూ పోయింది. ఎండిపోయిన వంక అవతల ఈశ్వరికి ఇంకో చేను ఉంది, మర్నాడు పీకాల్సింది అదే. ఆమె అప్పుడు అక్కడే ఉంది. "ఆటో లేకుండా వస్తే పనిస్తావా?" అని అడిగింది. "వచ్చిన మనిషిని ఎందుకు పొమ్మంటా? రా" అంది ఈశ్వరి. తిరిగొచ్చేటప్పుడు చూసింది, బొగ్గులు కాల్చేవాళ్లు తుమ్మకంప ఈడ్చుకుపోయినట్టున్నారు, వంకలో బాటంతా ముళ్లు రాలి ఉన్నాయి. ఆమె చక్రాలకేమీ కాలేదు.

ఊళ్లోకి వచ్చేసరికి టీ అంగట్లో తిప్పేస్వామి కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మే తిమ్మక్కా, ఇమానం దిగిందే!"

అంగడంతా నవ్వింది. వంకలో ముళ్లున్నాయన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"దిగింది మేస్త్రీ" అని తొక్కుకుంటూ పోయింది.

పొద్దున చీర కచ్చ బిగించి, పైన మొగుడి పాత చొక్కా తొడుక్కుని బయల్దేరింది. దారిలో ఆటో హారన్ కొట్టి దాటిపోయింది. మళ్లీ దుమ్ము. ఆమె తొందరపడలేదు.

వంకలో ఆటో ఒక పక్కకు ఒరిగి ఉంది. ముందుది, వెనకది రెండు చక్రాలూ నేలకు అంటుకుపోయాయి. ఆడవాళ్లు దిగి నిలబడ్డారు. తిప్పేస్వామి సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి తిరుగుతున్నాడు.

"నిలబడు తిమ్మక్కా! పంపుండాది గదా నీకాడ? ముక్కలు గూడా ఉంటాయి."

ఆమె దిగింది. స్టాండు వేసి, పంపు విప్పింది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి ముందునుంచే వంగి, పంపును తన సైకిలు వెనక చక్రానికి తగిలించి కొట్టడం మొదలుపెట్టింది.

"దాంట్లో గాలి ఉండాది గదమ్మే?" అంది రంజాన్ బీ.

"ఉండాది. ఆయప్ప సూడల్లని కొడ్తాండా."

తీరిగ్గా కొట్టి, పంపు మళ్లీ కారియరుకు కట్టేసింది.

"ఏమ్మా, అట్లనే పోతావా?" తిప్పేస్వామి గొంతు తగ్గింది.

"స్టెప్నీ చోట్ల మనిషిని కూసోబెట్టినావు గదా మేస్త్రీ. ఆ మనిషినే కట్టు సక్రానికి."

ఆ రోజు పలక మీద కూర్చుని వచ్చింది రంజాన్ బీ. సద్దిమూట చంకన పెట్టుకుని సైకిలు దగ్గరికి వచ్చింది. తిమ్మక్క ఆమెను కిందికీ మీదికీ చూసింది.

"ఆ పొద్దు రోడ్డవతల ఏం సూసినావక్కా?"

"ఏం ల్యా. దిగితే నా పని గూడా పోతాదని భయమైంది."

తిమ్మక్క కారియరు మీది పంపును ఒక పక్కకు జరిపి కట్టింది. తర్వాత "పంపును తొక్కకుండా కూసో" అంది. మిగతా ఆడవాళ్లు వెనకాలే నడిచారు.

వరసలో మొదటి సాలు ఎవరు పట్టాలో ఎప్పుడూ మేస్త్రీనే చెప్పేవాడు. అందరూ ఆ మనిషి చెయ్యి ఎంత జోరుగా ఆడితే అంత జోరుగా పీకాలి. ఆ రోజు చెప్పేవాడు లేడు. తిమ్మక్క పోయి మొదటి సాలులో నిలబడింది. ఎవరూ కాదనలేదు.

ఆ చేను ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి వంక బాగా కనిపిస్తుంది. చెట్టు పీకి మట్టి దులిపిన ప్రతిసారీ ఆమె తలెత్తి అటు చూసింది. ఎండ ముదిరింది. ఆటో ఇంకా అక్కడే ఉంది.