విన్నమన్న మాట

ఆ ఉదయం బాలనర్సయ్య గడ్డిమంట పెట్టి డప్పు కాచుకున్నాడు. వేలి కణుపుతో తట్టి, ఇంకా మెత్తగానే ఉందని మళ్లీ మంటకు చూపాడు. ఓదెమ్మ పోసిచ్చిన గటక నిలబడే తాగి, "ఉప్పెక్కువైంది" అన్నాడు. ఇంత కాపురంలో ఉప్పు సరిపోయిందని ఆయన ఏనాడూ అనలేదు కాబట్టి ఓదెమ్మ పట్టించుకోలేదు.

రఘునాథపల్లి దగ్గరి ఆ ఊరికి చాటింపు వేసేది ఆయనే. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతు. అందులో సొంత మాట మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. నిజాం రోజుల్లో ఇజాజత్ లేకుండా మీటింగు పెడితే జైలేనని చాటాడు. సంఘం వచ్చాక ఆ మీటింగుకే రమ్మని చాటాడు. వెట్టి రద్దయిందన్న చాటింపు కూడా వెట్టికే వేశాడు. తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. సంఘపోళ్లకు అన్నం పెడితే తోలు తీస్తామన్నది, అదీ చాటాడు. పారిపోయిన దొర ఖద్దరు టోపీతో తిరిగొచ్చి తన గడీని మిలిటరీ క్యాంపుకు అప్పగించాడు. "గొడ్డుతోలుకు పార్టీ ఉంటదానే?" అనేవాడు బాలనర్సయ్య డప్పు తడుతూ, ఓదెమ్మతో.

ఆ ఊరికో ఆనవాయితీ ఉంది. చాటింపు కాగానే జనం "విన్నం" అనాలి. ఆ మాట వచ్చేదాకా చాటేవాడు అడుగు కదపడు. చాటేవాడి ఇంటివాళ్లు అంటే మాత్రం లెక్కలోకి రాదు, వాళ్లకు ముందే తెలుసు కాబట్టి. గొడ్డు తప్పిపోతే ఎవరిదైనా సరే గుర్తులు చెప్పి చాటాలి; చూసినవాడు దాచకుండా చెప్పాలి. బాలనర్సయ్యకు గొడ్డూ గోదా లేవు, ఆ అవసరం రాలేదు.

దసరా ముందు ఆయన కొడుకు యాకయ్యను చెలక దగ్గర మిలిటరీ పట్టుకుపోయింది. గడీకి పోయి అడిగితే, అలాంటివాడు ఇక్కడ లేనే లేడన్నారు.

ఆ ఉదయం బాలనర్సయ్య గటక తాగి పోయేసరికి పట్వారీ చాటింపు అప్పజెప్పాడు. "ఇయ్యాల్టి సంది దేశానికి కొత్త చట్టం. మనసుల మాట ఎవలైనా భయం లేకుంట చెప్పొచ్చు. గడీ ముందట జెండా, మిఠాయి. ఐదుగురికి మించి గుమిగూడొద్దు."

"మరి మిఠాయికి ఊరంత ఎట్లొస్తది అయ్యా?"

"ఐదుగురైదుగురు రావాలె."

"మనసుల మాట నేను గూడ చెప్పొచ్చునా?"

పట్వారీ నవ్వాడు. "నువ్వు నేను చెప్పింది చెప్పు, సాలు."

వాడల్లో అంతా మామూలుగానే సాగింది. "ఏందన్నా, ఇగ నా మొగణ్ని తిట్టొచ్చా?" అంది సాలమ్మ.

"గది పాత చట్టంల గూడ ఉండె గదా, సాలమ్మా!"

అందరూ నవ్వి "విన్నం" అన్నారు.

చివరికి గడీ ముందుకు వచ్చాడు. ఓదెమ్మ మిఠాయి కోసం నిలబడి ఉంది. కొత్త చట్టం చాటడం అయిపోయింది. "విన్నం" కూడా వచ్చింది. అయినా డప్పు ఆగలేదు. దరువు మారింది. అది తప్పిపోయిన గొడ్డుకు వేసే దరువు.

"తప్పిపోయిండు, ఇనుండ్రహో! ఇరవై రెండేండ్లోడు. ఎడమ కాలికి గొడ్డలి గాటు. నవ్వితె ముందటి పన్ను ఇరిగి కనవడతది. చెలక కాడ తోలుకపోయిండ్రు. పేరు యాకయ్య. చూసినోళ్లు చెప్పుండ్రి!"

డప్పు ఆగింది. "విన్నం" రాలేదు. అందరి నోట్లో మిఠాయి ఉంది. ఆయన ఆనవాయితీ ప్రకారం నిలబడ్డాడు. సాలమ్మ నేల చూసింది. ఓదెమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది; తనది లెక్కకు రాదని మింగేసింది. ఆయన మళ్లీ ఒక దరువు వేసి, మళ్లీ నిలబడ్డాడు. అంతలో జవాన్లు వచ్చి రెక్కలు పట్టుకున్నారు.

"లేని మనిషిని ఉన్నడని పుకారు లేపుతవా?" అన్నాడు పోలీసు అమీన్.

"లేకుంటే లేడని చెప్పుండ్రి దొరా, గదే సాటిస్త."

అమీన్ దాన్ని రెండో నేరం కింద లెక్కేశాడు.

లారీ ఎక్కిస్తుంటే ఆయన ఓదెమ్మ వైపు తిరిగి, "నా గొంతు పోయిందే ఓదీ, ఎవలకు ఇనరాలే" అన్నాడు.

వానలు పడకముందే జైల్లో జ్వరంతో పోయాడు. కబురు పట్వారీకి వచ్చింది. ఊళ్లో చావు కబురు చాటాలి. చాటేవాడు లేడు కాబట్టి చాటలేదు.

ఓదెమ్మను చావుకంటే ఆ చివరి మాటే ఎక్కువ తిన్నది. ఎవరికీ వినపడలేదనుకునే పోయాడు మనిషి.

రెండేళ్లకు యాకయ్య కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. ఎన్ని జైళ్లు తిప్పారో చెప్పాడు. తండ్రి సంగతి ఆమె చెప్పింది, ఆ చివరి మాటతో సహా.

"అప్పుడు మమ్ముల గడీ ఎనుక గింజల కొట్టుల ఏసిండ్రు అవ్వా, నలుగుర్ని. బాపు డప్పు ఆగంగనె అందరం ఒక్కసారే అన్నం, విన్నమని. నేనంటె ఇంటోణ్ని. కడమ ముగ్గురిది లెక్కకొస్తది గదా?"